విద్యార్థి శాసనసభలో బిల్లు

పాఠశాలలలో విద్యార్థి ప్రభుత్వములు ఏర్పడుట క్రొత్త విషయము కాదు. ఎన్నికలు జరుగుచున్నవి. ప్రధానమంత్రి, మంత్రులు, ప్రతిపక్షనాయకుడు, సభాపతి అను పదవులు పంచబడుచున్నవి. ప్రమాణస్వీకారమునాడు తల్లిదండ్రులు వచ్చి చప్పట్లు కొట్టి పోవుచున్నారు. పిమ్మట ఆ సభ యేమి చేయుచున్నదని అడిగినచో మాత్రము సరియైన సమాధానము లభించుట కష్టము. పెక్కు తావుల శుభ్రతామంత్రి చెత్తబుట్టలను, క్రీడామంత్రి బంతులను లెక్కించుటతో ప్రభుత్వము ముగిసిపోవుచున్నది. మంత్రులున్నంతమాత్రమున ప్రభుత్వము కాదు. ఒక నియమమును ప్రతిపాదించి, పరిశీలించి, సవరించి, అంగీకరించుటకో త్రోసిపుచ్చుటకో శక్తిగల సభ యున్నపుడే ఆ పేరు దానికి తగును.

1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్పుల సమ్మేళనము విద్యాసంస్థలలో నమూనా పార్లమెంటులను ప్రోత్సహింపవలెనని సిఫారసు చేసినది. (సభలో తమ పక్షసభ్యుల హాజరును చూచుకొను బాధ్యులను విప్పులందురు.) ఆ మీదట 1966-67లో ఢిల్లీ పాఠశాలలకు యువజన పార్లమెంటు పోటీలు ప్రారంభమైనవి. క్రమముగా అవి కేంద్రీయ విద్యాలయములకును, నవోదయ విద్యాలయములకును, కళాశాలలకును విస్తరించినవి. ఈ పోటీలు మేలు చేసినవనుటకు సందేహము లేదు. నలుగురిలో నిలిచి మాటలాడుటకు జంకు బాలబాలికలకు వానివలన ధైర్యమబ్బినది. కాని పోటీలో ప్రశ్నోత్తరములు, చర్చ, బిల్లు అన్నియు కొద్ది సమయములో ఇమడవలెను. బిల్లు ప్రవేశపెట్టిన అయిదు నిమిషములకే ‘ఔను, ఔను’ అను కేకల నడుమ అది చట్టమై కూర్చుండును. గెలుచువారెవరో ఓడువారెవరో ముందే వ్రాసియుంచిన నాటకమది. పోటీకి నాటకము చాలును. ఏడాది పొడవున నడువవలసిన పాఠశాల సభకు చాలదు.

భారత పార్లమెంటులో బిల్లు మూడు దశలను దాటవలెను. మొదటి పఠనములో అది సభ యెదుటకు వచ్చును. రెండవ పఠనములో దాని ఉద్దేశమును గూర్చి చర్చ జరుగును. అవసరమైనచో సెలెక్టు కమిటీకి పంపబడును. ఆ తరువాత ఖండఖండముగా పరిశీలింపబడి సవరణలు పొందును. మూడవ పఠనములో మొత్తముమీద ఓటు తీసికొందురు. విద్యార్థి సభలు మొదటి దానిని, కడపటి దానిని మాత్రము అనుకరించి నడుమ దానిని విడిచిపుచ్చుచున్నవి. పండు తొక్కను ఉంచుకొని గుజ్జును పారవేయుట వంటిదే యిది.

ఒక ఉదాహరణమును ఊహింపుడు. ప్రార్థనకు ఆలస్యముగా వచ్చు విద్యార్థి అయిదు రూపాయల జరిమానా చెల్లింపవలెనని ఒక మంత్రి బిల్లు తెచ్చెననుకొనుడు. వినుటకిది నిర్దోషముగా నున్నది. క్రమశిక్షణను ఎవరు కాదందురు? సభలో అధికసంఖ్యాకులు పాఠశాలకు కూతవేటు దూరమున నివసించువారు. వారికి ఆలస్యమనగా నిద్ర. పది కిలోమీటర్ల దూరమునుండి ఆర్టీసీ బస్సులో వచ్చు పల్లెపిల్లలకు ఆలస్యమనగా బస్సు. సభలో వీరు ఇద్దరో ముగ్గురో. చేతులెత్తించి లెక్కించినచో బిల్లు రెండు నిమిషములలో నెగ్గును. మరునాటినుండి, ఏ తప్పును చేయని ఆరవ తరగతి బాలిక నోటుపుస్తకమునకై తండ్రి యిచ్చిన సొమ్మును జరిమానాగా చెల్లించును. సంఖ్యాబలము వేరు, న్యాయము వేరు అని సభ్యులకు అప్పుడు తెలియవచ్చును. కాని ఆ పాఠమును ఆ బాలిక ఖర్చుతో నేర్చుకొనుట తగదు.

ఇట్టి బిల్లు ఉపసంఘమునకు పోవలెను. ఏడుగురు సభ్యులు చాలుదురు. అందు బిల్లును వ్యతిరేకించువారును, పల్లెలనుండి వచ్చువారును ఉండితీరవలెను. వారు హాజరుపట్టీలను తిరుగవేసి, ఎవరెవరు ఎన్నిమారులు ఏ కారణమున ఆలస్యముగా వచ్చిరో చూడవలెను. సభ్యులు కాని పిల్లలను పిలిచి వారి మాట వినవలెను. పెద్ద సభలో నోరు విప్పలేని పసివాడు ఏడుగురి యెదుట కూర్చుండి తన బస్సు కథ చెప్పగలడు. బిల్లు రచించినవారికి తట్టని ప్రశ్నలు అప్పుడు పుట్టును. ఆలస్యమనగా ఎంత? గంట మ్రోగుటయా, ప్రార్థన ముగియుటయా? కారణము తగినదో కాదో తేల్చువారెవరు? వసూలైన సొమ్ము ఎవరియొద్ద నుండును? అసలు సొమ్ము రూపమున శిక్ష విధించు అధికారము బాలుర సభకు కలదా? ఒకరు ‘తగిన కారణము లేక’ అను మూడు మాటలను చేర్పగోరుదురు. మరియొకరు జరిమానాకు బదులు తోటపని చాలునందురు. సభలో ముందు సవరణపై, తరువాత సవరించిన ఖండముపై ఓటు తీసికొనవలెను. ఈ వరుస తప్పినచో సభ యేమి నిర్ణయించినదో సభకే తెలియదు.

ఇంత తతంగమునకు మూడు వారములు పట్టును, పిల్లల చదువు చెడునని కొందరి ఆక్షేపణ. ‘ఆలస్యము అమృతము విషము’ అని వారు సామెత చెప్పుదురు. ‘నిదానమే ప్రధానము’ అను సామెత కూడ తెలుగువారిదే. 1947లో ప్రవేశపెట్టబడిన హిందూ కోడ్ బిల్లు ఎంత కాలము నలిగినదో చరిత్ర పుస్తకములు చెప్పును. దానికై పాటుపడిన అంబేద్కరు 1951లో మంత్రిపదవినే విడిచెను. తుదకు 1955, 1956 సంవత్సరములలో అది నాలుగు చట్టములుగా వెలువడెను. ఆ జాప్యమంతయు మంచిదే యనుట పొరపాటు. అందులో మొండితనమును కలదు. వరకట్న నిషేధపు బిల్లు సంగతి వేరు. దానిలోని కొన్ని సవరణలపై లోకసభకును రాజ్యసభకును పొత్తు కుదరకపోగా, 1961 మే 6, 9 తేదీలలో ఉభయసభలు కలిసి కూర్చుండి తేల్చుకొనెను. ఆ కాలమున లోకసభాపతి తిరుచానూరున పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఒక మాటకై రెండు సభలు అంత శ్రమపడినవి. బడిపిల్లల సభ మూడు వారములు కూర్చుండిన నష్టమేమి?

ఇక ప్రధానోపాధ్యాయుని సంగతి. సభ అంగీకరించిన బిల్లు ఆయన సంతకమునకు పోవును. నచ్చనిచో దానిని బల్ల సొరుగులో వైచి మరచుట అనేకచోట్ల అలవాటు. ఇది పిల్లలను అవమానించుట. రాజ్యాంగపు 111వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి సైతము, ద్రవ్యబిల్లు కానిచో, దానిని పునఃపరిశీలనకు త్రిప్పిపంపవచ్చును. ఉభయసభలు దానిని మరల ఆమోదించినచో సమ్మతి నిరాకరింపరాదు. ప్రధానోపాధ్యాయుడును కారణములు వ్రాసి త్రిప్పిపంపవలెను. పరీక్షలు, రుసుములు, ఉపాధ్యాయుల విషయములు సభ పరిధిలోనివి కావని మొదటి సమావేశముననే తెలుపవలెను. కేంద్రమునకును రాష్ట్రములకును జాబితాలున్నట్లే పాఠశాల సభకును ఒక జాబితా యుండవలెను. ఇంగ్లండులోని సమ్మర్‌హిల్ పాఠశాల సమావేశములో పసిపిల్లకును ఉపాధ్యాయునకును ఓటు సమానమే. దానిని 1921లో స్థాపించిన ఎ.ఎస్.నీల్ ఏర్పరచిన పద్ధతియది. అంత దూరము పోనక్కరలేదు. చిన్నదైనను నిజమైన అధికారము పెద్దదైన ఉత్తుత్తి అధికారముకన్న మేలు.

మంత్రులు కాని సభ్యులకును బిల్లు తెచ్చు హక్కు కలదు. పార్లమెంటులో ఇట్టివి నెగ్గుట మిక్కిలి అరుదు. 1970 తరువాత ఒక్కటియు ఉభయసభలలో నెగ్గి చట్టము కాలేదు. ఈ విషయమున పాఠశాల సభ పార్లమెంటును అనుకరింపకుండుటయే ఉచితము. నెలకొక పూట మంత్రులు వినవలెను, తక్కినవారు ప్రతిపాదింపవలెను. ఓడినవారి భిన్నాభిప్రాయమును ఉపసంఘ నివేదికతో జతపరచి సభా పుస్తకమున వ్రాసియుంచవలెను. మరుసటి యేడు క్రొత్త సభ్యులు వచ్చి ఆ చట్టమును తిరుగదోడదలచినపుడు మొదట విప్పవలసిన పుట అదియే.