పాత మోటారుకారు – ముందుచక్రముల మార్పు

పాతకాలపు మోటారుకారులను ప్రేమించువారు రెండు తెగలుగా నున్నారు. కారును పుట్టిననాటి రూపముననే యుంచవలెనని కొందరందురు. దాని ముందుభాగమును కోసివైచి, క్రొత్త స్ప్రింగులును డిస్కుబ్రేకులును అమర్చి, నేటి కారువలె పరుగెత్తింపవలెనని మరికొందరందురు. ముందుచక్రముల యమరికకడ ఈ తగవు మిక్కిలి వాడియగును. ఏలయన గతుకుల దెబ్బయు, మలుపులందలి త్రోపును, బ్రేకు వేసినపుడు ముందునకు వచ్చిపడు బరువును మోయునది యదియే. నా పక్షము నిది: అరిగినదానిని ముందుగా క్రొత్తచేయవలెను. అటుపిమ్మటను మార్పు కావలసివచ్చినచో మరల విప్పదగిన మార్పునే చేయవలెను.

దీనికి మారిస్ మైనరు కారును దృష్టాంతముగా గైకొందము. అది 1948 అక్టోబరులో లండను నగరమందు ఎర్ల్స్‌కోర్టు ప్రదర్శనమున తొలిసారి చూపబడెను. పదిలక్షల సంఖ్యను దాటిన మొదటి బ్రిటిషు కారు అదియే. మన దేశమునందు బేబీ హిందుస్థాన్ అను పేర తిరిగినదియు ఈ బండియే. దీనిని కల్పించిన అలెక్ ఇసిగోనిస్, నమూనాబండి సన్నముగా నున్నదని తోచి, దానిని నిలువున రెండుగా కోయించి నడుమ 4 అంగుళముల వెడల్పు చేర్పించెను. కల్పించినవాడే కోయగా మనము కోయరాదా యని గడుసు విద్యార్థి యొకడు అడుగవచ్చును. ఆయన కోయించినది పరీక్షకై చేసిన నమూనాను. మనము కోయునది డెబ్బదియేండ్లు నిలిచిన వస్తువును.

అంతకు పూర్వము చౌకకారులు పెక్కింటికి ముందుచక్రములు రెండును ఒకే యిరుసునకు బిగింపబడి యుండెడివి. 1908 నాటి ఫోర్డు మోడల్ టి యట్టిదే. అందు ఒక చక్రము రాతిపై కెక్కిన రెండవదియు ఒరగును. మైనరునందు ఏ చక్రమున కా చక్రమే కదలును. నేలపలకక్రింద నిడివిగా పరచిన ఉక్కుకడ్డీ యొకటి ప్రతిచక్రమునకును కలదు. దాని వెనుకకొన కదలకుండ బిగింపబడియుండును. ముందుకొన చక్రముయొక్క క్రిందిచేతికి తగిలియుండును. చక్రము పైకి లేచినపుడు కడ్డీ తడిబట్టను పిండినట్లు మెలిపడి, మరల విడివడి, చక్రమును దింపును. ఈ యూగును అణచుటకు చమురు నింపిన లివరు షాక్ అబ్సార్బరు కలదు. దాని చేయియే చక్రమునకు పైచేయి కూడ నగును. ఒక్క పరికరముచే రెండుపనులు చేయించుట చూడ ముచ్చటగా నుండును.

ఇందు బలహీనస్థానము ట్రనియను. స్టీరింగు త్రిప్పినపుడు చక్రము తిరుగు నిలువుకడ్డీ, మరచుట్లు గల ఈ చిన్నముక్కలో కూర్చుండును. గ్రీజు నియమముగా పెట్టనియెడల మరచుట్లు అరిగి, యొకనాడు ఊడి, చక్రము బండిక్రిందికి మడతపడును.

“ప్రాణముకంటె పాతయినుము గొప్పదా?” యని మార్పు కోరువారు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని ప్రాణము తీయగల ఈ దోషము గ్రీజు లేమివలన కలిగినది. అరిగిన ట్రనియనుపై మెరుగుగల క్రొత్త షాక్ అబ్సార్బరును తగిలించినవాడు సొమ్ము వెచ్చించి అపాయమును కప్పిపెట్టినవాడగును.

మార్పులన్నియు నొక్కటిగావు. గొట్టపు షాక్ అబ్సార్బరును పాత లివరు చేతిని పైచేయిగా నుంచియే బోల్టులతో బిగింపవచ్చును, వలదన్ననాడు విప్పవచ్చును. దానికి నా యాక్షేపణ లేదు. మెలిపడు కడ్డీలను తీసివైచి చుట్టలస్ప్రింగులు పెట్టుట వేరుమాట. అప్పుడు నేలక్రింది అడ్డదూలము మోయుచుండిన బరువు ముందువైపు రేకులకు బదిలీయగును. ఆ రేకులు ఆ బరువునకై చేయబడినవి గావు. కమ్మరి యెంత నేర్పరియైనను లెక్క వేయక దీనికి పూనుకొనరాదు.

బ్రేకుల విషయమున నేను కొంత మెత్తబడుదును. మొదటి మైనరు ఇంజను 918 ఘన సెంటీమీటర్లది. 1962లో 1098 ఇంజను పెట్టినపుడు కర్మాగారమువారే ముందు బ్రేకుడ్రమ్ములను 7 అంగుళములనుండి 8 అంగుళములకు పెంచిరి. నేడు 1275 ఇంజనును పెట్టువాడు డిస్కుబ్రేకులు కోరిన తప్పుపట్టజాలము. ఆ యింజను ఏల కావలసెనో యతడే చెప్పవలెను!

మనవారు ఎరుగవలసిన చట్టపువిషయము గూడ నొకటి కలదు. 2021లో కేంద్ర రోడ్డు రవాణాశాఖవారు చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటి, మూలరూపమున నిలిచి, చట్రమునందుగాని పైతొడుగునందుగాని యింజనునందుగాని పెద్దమార్పు పొందని బండియే వింటేజి బండిగా నమోదగును. తాతగారి కారుయొక్క చట్రమును కోయించిన మనుమడు ఆ గౌరవమునకు ఎసరుపెట్టుకొన్నట్లే.

కావున పాతకారు గల యింటివారు కేటలాగు తెరచుటకు ముందు ముందుచక్రమును జాకీతో లేపి, పైనను క్రిందను పట్టి యూపిచూడవలెను. ఊగెనేని ట్రనియనులును బుష్షులును మార్పించి, గ్రీజు పెట్టించి, నెలదినములు నడిపి, అప్పటికిని తృప్తి లేకున్న గొట్టపు షాక్ అబ్సార్బరుల మాట తలపెట్టవచ్చును. విప్పిన పాతముక్కలను పాతయినుపకొట్టునకు పంపక, చమురు పూసి, ఏది యెచ్చటిదో చీటి కట్టి, పెట్టెలో వేసి కారుతోడనే యుంచవలెను.