డిక్కీ మీద అబద్ధం

ఒమన్‌లో ఏ పెట్రోలు బంకుకు వెళ్ళినా రెండు అంకెలు కనిపిస్తాయి. 91, 95. అది ఆక్టేన్ లెక్క. 95 అని రాసి 91 పోస్తే అది మోసం, కేసు అవుతుంది. ధర సంగతీ అంతే. 2021 నవంబరులో సర్కారు గరిష్ఠ ధర కట్టేసింది: లీటరు 91కి 229 బైసాలు, 95కి 239. బంకులో పనిచేసే కుర్రాడి దగ్గరనుంచి కోటీశ్వరుడిదాకా అందరూ ఆ అంకెల్ని నమ్ముతారు. అదే బంకులో మన ముందు ఆగిన లెక్సస్ కారు డిక్కీ మీద నిగనిగలాడుతూ ఎల్ఎక్స్ 600 అని ఉంటుంది. ఏమిటా 600? దేనికి 600? పెట్రోలుకు బైసాతో సహా లెక్క చెప్పే ఊళ్ళో, వేలకు వేల రియాళ్ళు పోసి కొన్న కారు మీది అంకెకు లెక్క చెప్పే నాథుడు లేడు.

మస్కట్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసిన ఏ కోనసీమ మనిషిని కదిపినా ఎల్ఎక్స్ 570 గురించి చెబుతాడు. 5.7 లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు. దానికి ముందొచ్చింది 470, ఇంజను 4.7 లీటర్లు. అంకెను వందతో భాగిస్తే లీటర్లు వచ్చేవి. బడి మొహం చూడనివాడికీ అర్థమయ్యే లెక్క. 2021లో కొత్త మోడల్ దిగింది. అంకె పెరిగి 600 అయింది, ఇంజను మాత్రం 3.5 లీటర్లకు తగ్గింది, సిలిండర్లు ఆరయ్యాయి, రెండు టర్బోలు చేరాయి. అంటే 600 లీటర్ల లెక్క కాదు. పోనీ హార్స్‌పవరా అంటే అది 409. టార్కా అంటే అది 650 న్యూటన్ మీటర్లు. ఏ కొలతకూ చెందని అంకె అది. 570 కంటే పెద్దగా కనబడటమే దాని పని. కొత్త బండికి పాతదానికన్నా ఎక్కువ బలముంది, ఒప్పుకుంటాను. బండితో నాకు పేచీ లేదు. దాని వీపు మీద అతికించిన అంకెతోనే నా పేచీ.

ఈ అంకెలు మొదటినుంచీ అబద్ధాలే అయితే ఇంత కోపం రాదు. ఇవి ఒకప్పుడు నిజాలు. బీఎండబ్ల్యూ 528ఐ అంటే 5 సిరీస్ కారు, 2.8 లీటర్ల ఇంజను, ఐ అంటే ఇంజెక్షన్. చివర డి ఉంటే డీజిల్. మధ్యలో ఎల్ ఉంటే వెనక సీటులో కాళ్ళు చాపుకునే చోటు ఎక్కువున్న పొడుగు కారు. మెర్సిడెస్ 300ఇ అంటే మూడు లీటర్లు, ఇంజెక్షన్. 1993లో ఆ కంపెనీ అక్షరాన్ని ముందుకు తెచ్చి ఇ-క్లాస్ అంది. అప్పటినుంచి అక్షరం కారు తరగతిని చెప్పింది, అంకె ఇంజనును చెప్పింది. 1989లో లెక్సస్ మొదటి కారు ఎల్ఎస్ 400 వచ్చింది, ఇంజను నాలుగు లీటర్లు. దూరంనుంచి వెనకభాగం చూసి ఇంజను చెప్పగలిగే రోజులవి. మెకానిక్కులు, డ్రైవర్లు, స్పేర్‌పార్టుల కొట్లవాళ్ళు ఆ భాష నేర్చుకున్నారు. కొనేవాళ్ళు ఆ భాషను నమ్మారు. ఏళ్ళ తరబడి పోగైన ఆ నమ్మకాన్నే ఇవాళ కంపెనీలు అమ్ముకుంటున్నాయి.

ఏం చేశారో చూడండి. 2011లో 528ఐలోకి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను వచ్చింది. అంకె మారలేదు. 2018నుంచి మెర్సిడెస్ సి 200లో ఉన్నది లీటరున్నర ఇంజను. ఇ 300లో రెండు లీటర్లు. ఒకప్పుడు అయిదు లీటర్ల ఎనిమిది సిలిండర్లకు గుర్తుగా ఉన్న ఎస్ 500లో ఇవాళ మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు. ఆడి అయితే 2017లో లీటర్లను వదిలేసి 35, 40, 45, 55 అంటూ రెండంకెలు తెచ్చింది. 45 అంటే 169నుంచి 185 కిలోవాట్ల మధ్య ఎక్కడైనా సరేనట. ఆ 45కూ ఆ కిలోవాట్లకూ కూడికలో గానీ గుణకారంలో గానీ చుట్టరికం లేదు. అదే కంపెనీ 2023లో మోడల్ పేర్లలో సరిసంఖ్యలు కరెంటు కార్లకు, బేసిసంఖ్యలు పెట్రోలు, డీజిల్ కార్లకు అని ప్రకటించి, 2025 మొదట్లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలో ఎ4 కాస్తా ఎ5 అయిపోయింది. ఇన్‌ఫినిటీ 5.6 లీటర్ల క్యూఎక్స్ 56ని, ఇంజను కదపకుండానే, క్యూఎక్స్ 80 అనేసింది. క్యాడిలాక్ 2019లో టార్కును న్యూటన్ మీటర్లలో, అదీ దగ్గరి యాభైకి సర్ది, డిక్కీ మీద వేయడం మొదలుపెట్టింది. పోర్షె అదే ఏడాది టైకాన్ అనే కరెంటు కారుకు టర్బో అని పేరు పెట్టింది. అందులో టర్బో లేదు. టర్బో బిగించడానికి ఇంజనే లేదు.

అన్నిటికన్నా నన్ను మండించేది 63. 1968లో మెర్సిడెస్ 300 ఎస్ఇఎల్ 6.3 అనే కారు తెచ్చింది, దానిలో నిజంగానే 6.3 లీటర్ల ఇంజను ఉంది. 1967లో మొదలైన, మెర్సిడెస్ కార్లకు జోరు పెంచే ఏఎంజీ ఇలాంటి కార్లతోనే పేరు తెచ్చుకుంది. 2007లో వచ్చిన మెర్సిడెస్ సి 63లో ఇంజను 6208 సీసీ. అంటే 62. పాత పేరు మీది మమకారంతో 63 అన్నారు, సర్దుకున్నాం. 2014లో అది నాలుగు లీటర్లయింది, డిక్కీ మీద 63. 2022లో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకు కరెంటు మోటారు జోడించి 671 హార్స్‌పవర్ తీశారు. అది గొప్ప ఇంజనీరింగే, చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. మరి ఆ గొప్పతనాన్ని ఉన్నదున్నట్టు రాయడానికి ఏం రోగం? డిక్కీ మీద ఇంకా 63 ఎందుకు?

మస్కట్‌లోని వాదీ కబీర్ గ్యారేజీల్లో ఒకరోజు చూశాను. మనవాడొకడు, గోదావరి జిల్లావాడు, ఒక కంపెనీలో స్టోర్‌కీపర్. అయిదేళ్ళు వాడిన బీఎండబ్ల్యూ 730 ఎల్ఐ కొని ఇంజను ఆయిల్ మార్పించడానికి తెచ్చాడు. మెకానిక్ కరీంనగర్ మనిషి. బోనెట్ ఎత్తి, ఇంజను మీద కప్పిన నల్లటి ప్లాస్టిక్ మూతను రెండు చేతులతో పట్టుకుని పైకి లాగాడు. క్లిప్పులు టపటపా ఊడాయి. కింద వరసగా నాలుగు ఇగ్నిషన్ కాయిళ్ళు. "అన్నా, ఇది నాలుగు సిలిండర్లదే" అన్నాడు. మనవాడు బండి వెనక్కి నడిచి వెళ్ళి, డిక్కీ మీది 730ని వేలితో తడిమి, "మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు అని చెప్పి అమ్మాడు తమ్ముడూ" అన్నాడు. అది రెండు లీటర్ల 258 హార్స్‌పవర్ ఇంజను. చెడ్డది కాదు. కానీ అతను డబ్బిచ్చింది ఆరు సిలిండర్లకు. అమ్మినవాడు నోటితో చెప్పిన అబద్ధానికి సాక్ష్యం పలికింది కంపెనీ అతికించిన అంకె. తూకం రాయి మీద కిలో అని చెక్కి తొమ్మిది వందల గ్రాములు తూచే వర్తకుణ్ణి దొంగ అంటాం. ఇక్కడ మాత్రం బ్రాండ్ అంటున్నాం.

కంపెనీల సమాధానం నాకు తెలుసు. యూరప్‌లో పొగ నిబంధనలు బిగిశాయి, ఇంజన్లు చిన్నవయ్యాయి, టర్బోలు వచ్చాయి, ఈ చిన్న ఇంజను పాత మూడు లీటర్లతో సమానం కాబట్టి 30 అన్నాం, అంటారు. సమానమైతే ఆ సమానమైనదేదో దాన్నే రాయండి. రేంజ్ రోవర్ పీ400 అంటే పెట్రోలు, 400 హార్స్‌పవర్. రాయొచ్చని ఆ కంపెనీ చూపించింది కదా! కొనేవాడికి అన్నీ తెలుసు, కేటలాగులో ఉన్నాయి అంటారు. కేటలాగు చదివేది మొదటి యజమాని. గల్ఫ్‌లో కారుకు యజమాని ఒక్కడే ఉండడు. ఉద్యోగం పోయి ఇంటికి వెళ్ళేవాడు అమ్ముతాడు, కొత్తగా వచ్చినవాడు కొంటాడు. మూడో చేతికో నాలుగో చేతికో వచ్చేసరికి కేటలాగు ఉండదు, డిక్కీ మీది అంకె మిగులుతుంది. ఆ చేతులు చాలాసార్లు మనవి: కడప, నిజామాబాద్, అమలాపురం చేతులు.

ఈ కంపెనీలకు నిజం రాయడం చేతకాక కాదు. అదే కారులో, ముందు అద్దం కింద మూలన పదిహేడు అక్షరాల షాసీ నంబరు ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఎందుకంటే ఒకటిలాగో సున్నాలాగో కనబడి ఎవరైనా పొరబడతారేమోనని. అంత జాగ్రత్త! పోలీసు చదివేచోట, ఇన్సూరెన్సువాడు చదివేచోట ఒక్క అక్షరం పొరపాటు కాకూడదు. డబ్బిచ్చేవాడు చదివేచోట మాత్రం ఎంత పొరబడితే అంత లాభం. స్పేర్‌పార్టుల కౌంటర్‌లో నిలబడి ఇ 300కి బ్రేక్ ప్యాడ్లు కావాలని అడగండి. అతను వెంటనే షాసీ నంబరు అడుగుతాడు. ఆ వ్యాపారంలో బతికేవాళ్ళే నమ్మని అంకెను చూపించి మన దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. మొదటి అబద్ధం కంపెనీది కాబట్టే రెండోది తేలికైంది. ఏఎంజీ, బీఎండబ్ల్యూ ఎం అక్షరాల నకిలీ బ్యాడ్జీలు కొట్లలో దొరుకుతాయి, వెనక జిగురు కాగితం తీసి ఏ బండికైనా అతికించొచ్చు.

మనకు అంకె అంటే భక్తి. హైదరాబాద్ ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 కోసం లక్షలు పాడతారు. ఇక్కడ మస్కట్‌లోనూ తక్కువ అంకెల నంబరు ప్లేటుకు వేలం జరుగుతుంది. నంబరు ప్లేటు మీద మోజు ఎవరి ఇష్టం వాళ్ళది, అక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చేయడం లేదు. ఇంజను అంకె అలాంటిది కాదు. అది సరుకు గురించి అమ్మకందారు ఇస్తున్న మాట.

కాబట్టి అడుగుతున్నాను. ఒమన్‌లో 2011నుంచి వినియోగదారుల రక్షణకు ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. గల్ఫ్ దేశాలన్నిటికీ కలిపి రియాద్‌లో ప్రమాణాల సంస్థ ఉంది, కొత్త కారు ఈ దేశాల్లో అమ్మాలంటే దాని నిబంధనలకు లోబడాలి. డిక్కీ మీద అంకె వేస్తే అది దేని కొలతో పక్కనే వేయాలని ఆ రెండూ శాసించాలి. లీటర్లయితే లీటర్లు, హార్స్‌పవరైతే హార్స్‌పవర్. ఏ కొలతా కాకపోతే ఆ అంకె తీసేసి కారుకు ఒక పేరు పెట్టుకోవాలి. పాత కార్లు అమ్మే ప్రతి షోరూములో, అద్దం మీద ధర పక్కన ఇంజను ఎన్ని లీటర్లు, ఎన్ని సిలిండర్లు, ఎంత హార్స్‌పవర్ అన్నది రాసి పెట్టాలి.

అవి జరిగేదాకా మీ డబ్బుకు మీరే కాపలా. కారు చూడటానికి వెళ్ళినప్పుడు వెనక్కి వెళ్ళకండి, ముందుకు వెళ్ళండి. ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) మీది షాసీ నంబరు, అద్దం కింది షాసీ నంబరు ఒకటేనో కాదో చూసుకోండి. ఆ నంబరు పట్టుకుని ఏజెన్సీ సర్వీసు కౌంటర్‌లో గానీ, తెలిసిన స్పేర్‌పార్టుల కొట్లో గానీ ఇంజను ఏదో అడగండి. బోనెట్ ఎత్తించి ప్లాస్టిక్ మూత తీయించండి. అమ్మేవాడు మూత తీయనంటే, ఆ కారు కొనకండి.