రాయబారం పద్యం కాదు

చింతామణిలోనో బాగేపల్లిలోనో సివిల్స్‌కు చదివే పిల్లాడు ఐఎఫ్‌ఎస్ (విదేశాంగ సర్వీసు) కావాలంటే ఇంట్లోవాళ్ల ముఖాలు వాడిపోతాయి. జిల్లా డిప్యూటీ కమిషనర్ (డీసీ) అయితే ఊరికి పనికొస్తాడు, రాయబారి అయితే ఎక్కడో విందుల్లో తిరుగుతాడని వాళ్ల లెక్క. పక్కనున్న కడప, రాయచోటి వాళ్లను అడిగితే ఆ లెక్క తేలిపోతుంది. కువైట్‌లో యజమాని చేతిలో పాస్‌పోర్టు ఇరుక్కున్నవాడు పరుగెత్తేది మన ఎంబసీకా, డీసీ దగ్గరికా?

చదువుకున్నవాళ్ల మాట ఇంకోటి: మాటకారి ఎవడైనా చాలు, దానికో సర్వీసెందుకని. ఇందులో మన నాటకాల పాపమూ ఉంది. చిక్కబళ్ళాపురం పక్క పల్లెల్లో కృష్ణ రాయబారానికి వన్స్‌మోర్‌లు పడ్డాయంటే అది పాడినవాడి రాగానికే. అంత పాడినా అయిదూళ్లు రాలేదు, యుద్ధం ఆగలేదు. అది ఎవరికీ పట్టదు.

అసలు రాయబారం ఎలా ఉంటుందో తెలియాలంటే హైదరాబాదీ సయ్యద్ అక్బరుద్దీన్‌ను చూడండి. 1985లో సర్వీసులో చేరారు. జెడ్డాలో కాన్సల్ జనరల్, వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఢిల్లీలో విదేశాంగశాఖ అధికార ప్రతినిధి. ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధి కుర్చీ దక్కింది 2016లో, ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత. మరుసటేడు అంతర్జాతీయ న్యాయస్థానంలో చివరి సీటుకు మన దల్వీర్ భండారీకీ బ్రిటన్ క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్‌కూ పోటీ పడింది. జనరల్ అసెంబ్లీలో భండారీది పైచేయి, భద్రతామండలిలో గ్రీన్‌వుడ్‌ది. గెలవాలంటే రెండుచోట్లా మెజారిటీ రావాలి. విడత మీద విడత ఓట్లు వేసినా ముడి వీడలేదు. 193 దేశాల ఓట్లు, అవీ రహస్య బ్యాలెట్లు. ఒక్కో ప్రతినిధి దగ్గరా అక్బరుద్దీన్ మాట తీసుకోవాలి, ఆ మాట లోపల నిలబడుతుందో లేదో పసిగట్టాలి. నవంబర్ 20న బ్రిటన్ తప్పుకుంది. 1946 నుంచి ఆ న్యాయస్థానంలో బ్రిటిష్ జడ్జి లేకపోవడం అదే మొదలు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఏ పరీక్ష రాసి 1949లో రాయబారిగా మాస్కో వెళ్లారని కొందరంటారు. ఒప్పుకుంటాను. అంతటివాళ్లు దొరికితే పంపాల్సిందే. దొరికేదాకా ఎంబసీలకు తాళం వేసుకోలేం గదా!

ఇక ప్రధానులే ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, రాయబారులెందుకన్న వాదన. పాకిస్తానీ ఉగ్రవాద నేత మసూద్ అజర్‌ను సమితి ఉగ్రవాదుల జాబితాలో చేర్చాలని మనం 2009లో అడిగాం. చైనా మళ్లీ మళ్లీ అడ్డుపడింది. చేరింది 2019 మే 1న. ఈలోగా ఢిల్లీలో ప్రభుత్వమే మారింది, న్యూయార్క్‌లో మన ప్రతినిధులు మారారు, ఆ ఫైలు మాత్రం సర్వీసు చేతిలోంచి జారలేదు. ఫోనుతో అయ్యే పనైతే పదేళ్లెందుకు పట్టిందో ఈ వాదన చేసేవాళ్లే చెప్పాలి.