పొలానికో న్యాయం, ఖబరస్తాన్‌కో న్యాయమా?

2024 ఎన్నికలప్పుడు కృష్ణా డెల్టాలో ఏ టీ బడ్డీ దగ్గర ఆగినా ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ మాటే. తాతల నాటి పొలం ఎవరిదో ఇకమీదట కోర్టు కాదు, ఆఫీసరు తేలుస్తాడట అని రైతులు హడలిపోయారు. అంతకుముందే లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. ఆ భయంలో ఎన్నికల ప్రచారం పాలు కూడా ఉంది, కాదనలేం. కానీ అసలు విషయం మాత్రం నిజమే. భూమి హక్కు వివాదాల్లో సివిల్ కోర్టుల అధికారాన్ని ఆ చట్టం తీసేసింది. చంద్రబాబు నాయుడు గారు 2024 జూన్‌లో సచివాలయంలో బాధ్యతలు తీసుకున్న రోజే దాని రద్దు ఫైలు మీద సంతకం పెట్టారు. జూలైలో అసెంబ్లీ రద్దు చేసింది. మంచి పనే.

ఏడాదైనా తిరగకముందే, 2025 ఏప్రిల్‌లో, అదే తెలుగుదేశం పార్టీ పార్లమెంటులో వక్ఫ్ సవరణ బిల్లుకు ఓటేసింది. అందులోని 3సి సెక్షన్ ఏం చెబుతోంది? ఒక వక్ఫ్ ఆస్తి ప్రభుత్వ భూమి అవునా కాదా అన్న ప్రశ్న వస్తే, ప్రభుత్వం నియమించిన అధికారి విచారిస్తాడు. ఆయన రిపోర్టు ఇచ్చేదాకా దాన్ని వక్ఫ్‌గా చూడకూడదు. ప్రభుత్వానిదని ఆయన తేలిస్తే రెవెన్యూ రికార్డులు మార్చేస్తారు. అంటే దావా వేసేదీ ప్రభుత్వమే, తీర్పు చెప్పేదీ ప్రభుత్వ ఉద్యోగే. కలెక్టర్ కంటే పైస్థాయి అధికారి ఉండాలని తామే అడిగి మార్పించామని టీడీపీ చెప్పుకుంది. పైస్థాయి అయితే మాత్రం, జీతం ఇచ్చేది ఎవరు?

2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు సరిగ్గా ఇక్కడే బ్రేకు వేసింది. ఆస్తి హక్కు తేల్చే పని రెవెన్యూ అధికారికి అప్పగించడం అధికారాల విభజనకు విరుద్ధమని చెప్పి, ఆ నిబంధనలను నిలిపేసింది. ట్రిబ్యునల్ తేల్చి, హైకోర్టు అప్పీలు ముగిసేదాకా వక్ఫ్‌ను ఖాళీ చేయించకూడదు, రికార్డులు మార్చకూడదు. ముతవల్లీలు కూడా ఈలోగా ఆ ఆస్తిని ఇంకొకరికి రాసివ్వకూడదు. ఈ చివరి మాట మనవాళ్లలో కొందరికి చేదుగానే ఉంటుంది.

మన జిల్లాల్లో ఇది ఎందుకు ముఖ్యమంటే, పాత ఖబరస్తాన్లు, ఈద్గాలు చాలావాటికి దస్తావేజు ఉండదు. రెవెన్యూ లెక్కల్లో 'పోరంబోకు' అన్న ఒక్క మాట చాలు, అది ప్రభుత్వ భూమి అనడానికి. వాడుక ద్వారా వక్ఫ్ అయిన ఆస్తి చట్టానికి ముందే రిజిస్టరై ఉంటే పాత హోదా నిలుస్తుంది. కానీ వివాదంలో ఉన్నా, ప్రభుత్వ భూమి అయినా ఆ రక్షణ వర్తించదు. వాడుక మీద ఇకపై కొత్తగా వక్ఫ్ అనుకోవడానికీ లేదు. ఈ భాగాన్ని కోర్టు ఆపలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నదాన్నీ ఆపలేదు.

ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల గడువు 2025 డిసెంబరు మొదటి వారంలో ముగిసింది. గడువు పెంచమంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. సెప్టెంబరు ఉత్తర్వు కూడా మధ్యంతరమే. కాబట్టి ఈ జుమా తర్వాత జమాత్ పెద్దల్ని అడగాల్సింది ఒకటే: మన ఖబరస్తాన్ సర్వే నంబరు ఎంత, అడంగల్‌లో ఎవరి పేరుంది, పోర్టల్‌లో ఎక్కిందా లేదా?