అక్క చంకలో పెరిగినవాళ్ళం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. నీళ్ళ చారు గురించీ, ట్రంకు పెట్టెల గురించీ, తెల్లవారుజామున స్టడీ అవర్ గురించీ ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మేము ఈసారి హాస్టల్లో చేరకముందటి సంగతి రాయాలనుకున్నాం. మేము అంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి వచ్చి, సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిని, ఇప్పుడు పి.జి. చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేతపట్టిన మొదటివాళ్ళం.

మిత్రులారా! హాస్టల్లో మనల్ని చేర్చుకునేది 3వ తరగతి నుండి. అంటే సుమారు ఎనిమిదేళ్ళ వయసులో. మరి అంతవరకు మనల్ని పెంచింది ఎవరు? "అమ్మ" అని వెంటనే అంటాం. అమ్మ కన్నది, పాలిచ్చింది, కష్టపడి తిండి పెట్టింది. కాదనం. కానీ పొద్దున చీకటితో పనికి పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చే అమ్మ, పగలంతా మనల్ని ఎత్తుకోలేదు. మన ముక్కు తుడిచింది, ఏడిస్తే ఊరుకోబెట్టింది, సంగటి మెదిపి నోట్లో పెట్టింది అక్క. మాలో చాలామందిమి అక్క చంకలో పెరిగినవాళ్ళం.

మాలో ఒకరి అక్క సంగతి చెబుతాం. పేరు రాయవద్దన్నది, రాయడం లేదు. ఆమె 1995లో పుట్టింది. 2003లో తమ్ముడు పుట్టేనాటికి 3వ తరగతి చదువుతోంది. ఎక్కాలు పదహారు దాకా వచ్చునట. బిడ్డకు మూడో నెల రాగానే అమ్మ కూలికి పోక తప్పలేదు. "ఈ రెండు దినాలు తమ్ముణ్ణి చూసుకోమ్మా, మళ్ళీ బడికి పోదువు" అన్నారు. ఆ రెండు దినాలు రెండు నెలలయ్యాయి, తర్వాత రెండేళ్ళయ్యాయి. తమ్ముడు నడక నేర్చేసరికి అక్క అక్షరాలు మరిచిపోయింది. అదే 3వ తరగతిలో తమ్ముడు హాస్టల్లో చేరాడు, చదివాడు, ఈ వ్యాసం రాస్తున్నాడు. ఇంట్లో మొదటి పట్టభద్రుడని ఊళ్ళో అందరూ మెచ్చుకుంటారు. ఆ పట్టాకు అసలు ఫీజు కట్టింది ఎవరో ఎవరూ అడగరు.

ఇది ఒక్క ఇంటి కథ అయితే రాయనక్కర లేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. మా మూడు ఊళ్ళనూ చూడండి.

ధర్మవరంలో పట్టుచీర నేసేది మగ్గం మీద కూర్చున్న ఒక్క మనిషి కాదు. కండెలు చుట్టేది, అచ్చు అతికేది, దారం తెగితే ముడివేసేది ఇంటి ఆడవాళ్ళు. "ఇంట్లోనే ఉంటుంది కదా, బిడ్డను చూసుకోలేదా?" అని తేలిగ్గా అంటారు. రాట్నం ముందు కూర్చున్న తల్లి బిడ్డ వైపు తిరిగితే కండె ఆగుతుంది. కండె ఆగితే మగ్గం ఆగుతుంది. పాకే బిడ్డకు మగ్గం గుంత ఎంత దూరం? అందుకే నడుముకు చీరకొంగు కట్టి మంచం కోడుకు ముడివేసిన పిల్లల్ని మేము చూశాం. మాలో కొందరం అలా పెరిగాం.

హిందూపురంలో చింతపండు సీజన్ వస్తే ఆడవాళ్ళు గింజ తీసే పనికి కూర్చుంటారు. పని తూకం లెక్క. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. బిడ్డకు పాలివ్వడానికి లేచిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. పెనుకొండ వైపు చేనులో శెనక్కాయ చేతికి రాని ఏడు బెంగుళూరు బేల్దారి పనులకు బండెక్కుతారు. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది, కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, సంతోషమే. కానీ వలస బండి ఇంకా ఖాళీగా పోవడం లేదు. పెద్దపిల్లను అవ్వ దగ్గర వదిలితే చిన్నబిడ్డను చూసేవారుండరు. పెద్దపిల్లను వెంట తీసుకుపోతే ఆమె బడి పోతుంది.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి, చాలానే ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 50 అంకె ఉంది. మరి మగ్గం ఇంట్లో పనిచేసేది ఎంతమంది? ఇద్దరు, మహా అయితే ముగ్గురు. చింతపండు ముందు కూర్చున్న తల్లికి యజమాని ఎవరు? ఆమె పేరు ఏ రిజిస్టరులో ఉంది? మా అమ్మలు ఏ రోజూ 50 మంది లెక్కలోకి రాలేదు.

2005 ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పని చోటికి తల్లులతో ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. ఆ పథకం దేశంలో మొదలైంది మన దగ్గరే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. కానీ మేము సెలవుల్లో అమ్మతో పోయి చూసిన పని చోట్ల అలాంటి ఆయా మాకు కనపడలేదు. వేపచెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కనపడింది. ఊపుతూ పక్కన నిలబడ్డ ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల కనపడింది.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. దాని మేలు మేము మరువలేదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఆ పథకం ఈనాడు ఊరూరా ఉంది. ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, జనం అడిగిన మూడు నెలల్లో కేంద్రం తెరవాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ సంగతి మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు? అయితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టి అన్నం పెట్టేది మూడేళ్ళు నిండిన పిల్లలకు. అంతకన్నా చిన్నబిడ్డకు బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు, పాలు ఇంటికి ఇస్తారు. మంచిదే. కానీ ప్యాకెట్టు బిడ్డను ఎత్తుకోదు. ఇంట్లో కలిపి తినిపించే మనిషి ఎవరు? మళ్ళీ అక్కే. మూడేళ్ళు దాటినా కేంద్రం ఉదయం 9 నుండి సాయంత్రం 4 దాకా. అమ్మ కూలి 7 నుండి 7 దాకా. మిగిలిన ఐదు గంటలూ అక్కవే.

డబ్బు సాయం సంగతి కూడా అంతే. ప్రధానమంత్రి మాతృ వందన యోజన 2017లో మొదటి కాన్పుకు 5,000 రూపాయలని మొదలైంది. మన రాష్ట్రంలో 2020 జనవరిలో అమ్మ ఒడి, 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చాయి. ఏ ప్రభుత్వం ఇచ్చినా పేదతల్లికి అది ఆసరాయే, మేము తప్పుపట్టడం లేదు. కానీ ఇది 1వ తరగతిలో చేరిన తర్వాతి సాయం. అంతకు ముందు ఆరేళ్ళూ తల్లీ బిడ్డా ఎలా నెట్టుకురావాలి?

అసలు చిక్కు రాజ్యాంగంలోనే మొదలైంది. మొదట రాసిన 45వ అధికరణం, పదేళ్ళలో 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలన్నది. చిన్నబిడ్డలను అది విడిగా తీసిపెట్టలేదు. 2002లో 86వ సవరణతో 6 నుండి 14 ఏళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ మాత్రం "ప్రభుత్వం ప్రయత్నించాలి" అనే ఆదేశిక సూత్రంగానే మిగిలింది. హక్కయితే కోర్టులో అడగవచ్చు. ప్రయత్నమైతే ఎదురుచూడాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. పైన చెప్పిన అక్కకు అప్పటికి పదిహేనేళ్ళు. చట్టం వచ్చేసరికి ఆమె వయసు దాటిపోయింది. చూడండి, ఆరేళ్ళ లోపు తమ్ముడికి హక్కు లేకపోవడం వల్ల, ఎనిమిదేళ్ళ అక్క చదువు పోయింది. చిన్నబిడ్డ సంరక్షణ, ఆడపిల్ల చదువు రెండు వేరు వేరు సమస్యలు కావు. ఒకటే సమస్య. మేము చెప్పదలచింది ఇంతే.

"బిడ్డను పెంచడం ఇంటివాళ్ళ పని, ప్రభుత్వం పనా?" అని అడిగేవారున్నారు. మనం ప్రతి ఏప్రిల్ 14న దండ వేసే బాబాసాహెబ్ అంబేద్కర్ దీనికి 1928లోనే జవాబు చెప్పారు. బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బలపరుస్తూ, కాన్పుకు ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలని వాదించారు. దాదాపు వందేళ్ళయింది. ఆఫీసులో పనిచేసే తల్లికి ఆ మాట కొంత దక్కింది. కండె చుట్టే తల్లికి ఇంకా దక్కలేదు.

"డబ్బు ఎక్కడిది?" అని ఇంకో ప్రశ్న. మన పక్కనే ఉన్న కర్ణాటకను చూడండి. హిందూపురం దాటి కాస్త దూరం పోతే ఆ రాష్ట్రమే. 2023-24లో ఆ ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో "కూసిన మనె" పేరుతో, అంటే పసిబిడ్డ ఇల్లు అని, కూలి తల్లుల పిల్లల కోసం శిశు కేంద్రాలు పెట్టింది. అన్నీ చక్కగా నడుస్తున్నాయని మేము అనడం లేదు. మొదలుపెట్టవచ్చని మాత్రం తెలిసింది. కేంద్ర ప్రభుత్వ పథకమూ ఉంది. 2006లో రాజీవ్ గాంధీ పేరుతో వచ్చిన శిశు సంరక్షణ పథకం 2017లో జాతీయ క్రెచ్ పథకం అయింది, 2022లో "పాల్నా" అయింది. అంగన్‌వాడీలోనే ఆరు నెలల బిడ్డ నుండి చూసుకునే కేంద్రాలు దేశమంతా కలిపి 17,000 పెట్టాలన్నది లక్ష్యం. పేరు రెండుసార్లు మారింది. మా కాలనీలో మాత్రం ఉయ్యాల కట్టిన చెట్టు మారలేదు.

అయితే ఈ భారమంతా ఉన్న అంగన్‌వాడీ టీచరమ్మ నెత్తిన వేస్తే అన్యాయం. రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు జీతం పెంచమని, గ్రాట్యుటీ ఇవ్వమని 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. అప్పటికి కార్యకర్త గౌరవవేతనం 11,500, ఆయాకు 7,000 రూపాయలు. మన పసిబిడ్డలను పెంచేవాళ్ళ పని విలువ ఇంతేనా? మన అక్క పనికి అసలే విలువ కట్టలేదు. ఇది అదే అలవాటుకు కొనసాగింపు.

కాబట్టి మా విన్నపాలు ఇవి. శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి 2022 ఏప్రిల్ 4 నుండి లెక్క. ఈ కొత్త జిల్లాలో ముందుగా ధర్మవరం మగ్గాల వీధుల్లో, హిందూపురం కూలి కాలనీల్లో, పెనుకొండ వలస గ్రామాల్లో ఆరు నెలల బిడ్డ నుండి చూసుకునేలా అంగన్‌వాడీలను మార్చాలి. అందుకు ఇంకో ఆయాను పెట్టి, సరైన జీతం ఇవ్వాలి. తెరిచే వేళ, మూసే వేళ తల్లుల పనివేళలను చూసి నిర్ణయించాలి. వలస పోయిన తల్లి బిడ్డను బెంగుళూరులోని అంగన్‌వాడీ అయినా చేర్చుకునేలా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి. బడి మానిన ప్రతి ఆడపిల్ల ఇంట్లో చంటిబిడ్డ ఉందేమో చూసి, ఆ బిడ్డకు ముందు చోటు ఇవ్వాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీకూ ఒక పని ఉంది. ఈసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ వీధిలో చంకన బిడ్డతో తిరిగే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. కాగితం మీద రాసి అంగన్‌వాడీ సూపర్‌వైజరుకు ఇవ్వండి. మనకు రాయడం వచ్చు. ఆ రాయడం ఎవరి పుణ్యాన వచ్చిందో గుర్తుపెట్టుకోండి.

మొన్న ఊరికి పోయినప్పుడు ఆ అక్క ఇంటికి పోయాం. బడి ఉన్న రోజే. అక్క రాట్నం దగ్గర ఉంది. 5వ తరగతి చదివే పెద్దకూతురు చంకలో ఏడాదిన్నర చెల్లెలితో గడపలో నిలబడింది.

"బడి లేదా పాపా?" అన్నాం.

"అమ్మకు పని ఎక్కువుంది మామా. ఈ రెండు దినాలే" అన్నది.

అక్క తల ఎత్తలేదు. రాట్నం మాత్రం కాసేపు ఆగింది. మేము చిన్నదాన్ని ఎత్తుకొని, పెద్దదాన్ని బడికి పంపించాం. ఆ ఒక్కరోజు సరే. రేపు ఎవరు ఎత్తుకుంటారు? ఈ ప్రశ్న మమ్మల్నే కాదు, పాలకులనూ అడుగుతున్నాం.