ఒంటికి నచ్చెడి కానుక



పెండ్లికి, గృహప్రవేశమునకు, పండుగకు ఆడపడుచులకు చీర పెట్టుట మన యిండ్ల ఆచారము. ఆ చీర కొనునపుడు వెల చూతుము, రంగు చూతుము, నలుగురిలో దాని నిండుదనము చూతుము. కట్టుకొను నామె యొంటికి అది యెట్లుండునో యడుగువారు తక్కువ. నేనును అడుగలేదు. దానివలన కలిగిన దానిని ఈ నెల చెప్పదలచితిని.

ఆరేండ్ల క్రిందట మా చెల్లెలి కుమారుని పెండ్లికి, వాని యక్కకు నేనొక బరువైన జరీపట్టుచీర పెట్టితిని. ఆ పిల్ల (పిల్ల యనుచున్నాను గాని, అప్పటికే ముప్పదియేండ్లు నిండిన బ్యాంకు ఉద్యోగిని) "పెద్దమ్మా, నూలుచీర కట్టుకొందునా?" అని మెల్లగా నడిగినది. "పెండ్లియింట నూలుచీర యేమే!" అని నేనే దగ్గరుండి పట్టుచీర కట్టించితిని. ముహూర్తవేళకు ఆమె పందిటిలో లేదు. వెదుకగా, వెనుకగదిలో దీపమార్పి, ఇంటనుండి తెచ్చుకొన్న పాతచీర చుట్టుకొని, రెండుచెవులును మూసికొని నేలపై కూర్చుండియున్నది. నా కానుకను అవమానించినదని పదిమందిలో అంటిని. ఆ మాట ఆమె చెవిని బడినది. పిమ్మట రెండేండ్లు ఆమె మా గడప త్రొక్కలేదు.

ఆ తరువాత నొక వైద్యుడు పరీక్షించి, ఆమెకు ఆటిజము కలదని చెప్పెను. ఇది చిన్నపిల్లల మాట యని మనలో పెక్కురు తలంతురు. ఆ పిల్లలే పెద్దవారగుదురు గదా! స్త్రీలలో కొందరికి నడివయసు వచ్చినదాక ఇది బయటపడకయే యుండును. అమెరికా మానసికవైద్యుల సంఘము వారు 2013లో వెలువరించిన నిర్ణయగ్రంథపు అయిదవ కూర్పున, స్పర్శకు, ధ్వనికి, వాసనకు, వెలుగునకు మితిమీరి చలించుటను గాని, చలింపవలసినంత చలింపకుండుటను గాని దీని లక్షణములలో చేర్చిరి. పార్శ్వపు తలనొప్పి గలవారిలోను వెలుగును వాసనను ఓర్వలేనివారు కలరు. కావున కానుక నిచ్చువారికి రోగము పేరుతో పనిలేదు. ఆ మనిషి యొంటి తీరు తెలిసిన చాలును.

ముందుగా బట్ట. గంజి బిరుసు, జరీ వెనుకనుండు దారపు కొసలు, రవికె మెడవద్ద కుట్టిన కంపెనీ చీటీ, ఇవి మనకు లెక్కలోనివి కావు. అట్టివారికి మాత్రము పొద్దస్తమానము ముల్లువలె గ్రుచ్చుచుండును. నూలు ఉతికినకొలది మెత్తబడును. శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరునకు ప్రత్తిని వాలుగచేప దవడ యెముకతో దువ్వి, చేత వడికి, చేత నేయుదురు. అది మంచి నేతయే. అయినను రెండుమార్లు గంజి వదలునట్లు ఉతికి ఇచ్చుట మేలు. ఉతికినది క్రొత్తబట్ట కాదని పెద్దలందురేమో! కొనకు పసుపు పెట్టి, ఎందులకు ఉతికితిమో చెప్పి యిచ్చిన తప్పులేదని నా యభిప్రాయము.

అగరువత్తులు, అత్తరు, పరిమళపు సబ్బులు ఎవరి కేమి కొనవలెనో తోచనప్పుడు మనము కొనునవి. అడుగక వీనిని ఇట్టివారికి ఈయరాదు.

చప్పుడు నోర్వలేని వారికి చెవులలో పెట్టుకొను మెత్తని బిరడాలు అల్పవ్యయముతో దొరకును. వెల యెక్కువైన హెడ్‌ఫోనులు కొన్ని బయటి ధ్వనిని పట్టి, దానికి ఎదురు తరంగమును పుట్టించి దానిని అణచును. ఫంకా రొద, బస్సు రొద వంటి ఎడతెగని చప్పుడునకు ఇవి బాగుగా పనిచేయును. కుక్కరు కూతకు, పెండ్లి బాజాకు అంతగా పనికిరావు. ఈ సంగతి తెలిసి కొనుట మంచిది.

బరువుదుప్పట్లని యిపుడు అంగళ్లలో అమ్ముచున్నారు. 2014లో ఇంగ్లండున ఆటిజముగల పిల్లలపై జరిగిన పరీక్షలో వీనివలన నిద్ర పెరుగలేదు. అయినను పిల్లలును తల్లిదండ్రులును ఈ దుప్పటినే మెచ్చిరి. 2020లో స్వీడనున కుంగుబాటు మొదలగు బాధలుగల 120 మంది పెద్దలపై చేసిన పరీక్షలో నిద్రలేమి తగ్గినది. ఊపిరి యిబ్బంది గలవారికిని, తమంతట తాము తొలగించుకొనలేని వారికిని దీనిని ఈయకుడు. కొందరు బరువు కోరుదురు, కొందరు సన్నని దుప్పటినైనను సహింపరు.

మరియొక మాట. చేతికి నిలుకడ లేనివారికని పిల్లల రబ్బరు బొమ్మలు తెచ్చి పెద్దవారి చేతిలో పెట్టుట నాకు నచ్చదు. వారు బుద్ధిలో పిల్లలు కారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణె పట్టి, లక్కతో నునుపు చేసిన భరిణెలు దొరకును. బల్లమీద పెట్టుకొన్న గౌరవముగా నుండును. మూత త్రిప్పుచు కూర్చుండినను ఎవరును వింతగా చూడరు.

ఇంతకును మా పిల్ల సంగతి. నేను వెళ్లి తప్పొప్పుకొన్న నాడు ఆమె యేమియు అనలేదు, కాఫీ యిచ్చినది. క్రిందటి సంక్రాంతికి మాత్రము, "ఏమి పెట్టుదునే?" అని ముందుగానే అడిగితిని. కొంత తటపటాయించి, "నీవు కట్టి విడిచిన నూలుచీర లేవైన నున్నవా, పెద్దమ్మా?" అన్నది. మా చెల్లెలు మండిపడినది: "పండుగపూట ఆడపిల్లకు పాతచీరలు పెట్టుదువా?" నేను మారు పలుకక, ఇరువదియేండ్లు ఉతికిన చీరలు నాలుగు తీసి, ఒకదానిపై నొకటి పరచి, అడ్డదారము వేసి బొంత కుట్టితిని. దానికి పదునేడు దినములు పట్టినది. బొట్టుపెట్టి చేతికిచ్చినప్పుడు ఆమె దానిని విప్పి, చెంపకు ఆనించుకొని, "ఇందులో చీటీ లేదు గదా?" అని నవ్వినది.