ఉద్దానం పిల్లలకు డిస్పాచర్ శిక్షణ ఇప్పించండి

కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

విమానాల్లో కొలువంటే మా ఉద్దానం ప్రాంతంలోని పలాస పిల్లలకు పైలట్, ఎయిర్‌హోస్టెస్ మాత్రమే తెలుసు. నేలమీద కూర్చుని దారి, ఎత్తు, ఇంధనం లెక్కగట్టే ఫ్లైట్ డిస్పాచర్ గురించి చెప్పేవారే లేరు. దిగే చోట పొగమంచు కమ్మితే ఎటు మళ్లాలి, అక్కడికి చేరాక ట్యాంకులో ఎంత మిగలాలి, ఇవన్నీ విమానం కదలకముందే తేలాలి. అమెరికాలో పైలట్‌తో సమానంగా డిస్పాచర్‌దీ బాధ్యతే. అక్కడ సర్టిఫికెట్‌కు 23 ఏళ్లు నిండాలి, కోర్సు కనీసం 200 గంటలు. మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం కావాలి. జీడి పరిశ్రమ కార్మికుల పిల్లలకు ఆ దారి చూపేదెవరు?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. గాలి మలుపు ఎంత పని చేస్తుందో ఈ పిల్లలు కళ్లారా చూశారు. డిస్పాచర్‌కు కావాల్సిన వాతావరణ చార్టు చదవడం మాత్రం ఎవరో నేర్పాలి. పలాసలోనో టెక్కలిలోనో డిగ్రీ కాలేజీలో డిస్పాచర్ తరగతులు, ఉపకారవేతనంతో, మొదలుపెట్టించండి. భోగాపురం విమానాశ్రయంలో ప్రత్యక్ష శిక్షణకూ చోటివ్వండి.

ఇట్లు,
పలాస వాసి